పులిసిన పాలలో ఆయువును వెదకిన శాస్త్రజ్ఞుడు - ఇల్యా మెచ్నికోవ్

ఆవు పాలు పడని పసివారికి ఆహారంతో పాటు మేలుచేసే సూక్ష్మజీవులను అందిస్తే వారి రక్తకణాలలోని జన్యువులు పనిచేసే తీరు మారుతుందా? 2010 తరువాతి దశాబ్దంలో ఇటలీలోని నేపుల్స్ విశ్వవిద్యాలయపు శిశువైద్యులు ఈ ప్రశ్నపై విస్తృతంగా పరిశోధించారు. అదే నేపుల్స్ సముద్రతీరంలో 1865లో, ఇరవై ఏళ్ళు నిండిన ఒక రష్యన్ యువకుడు సముద్రజీవుల పిండాలను సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తూ గడిపాడు. ప్రేగులలో నివసించే సూక్ష్మజీవులలో మనిషికి మిత్రులు కూడా ఉంటారన్న భావనను, అనంతర కాలంలో లోకమంతటికీ వినిపించినవాడు ఆ యువకుడే. ఆయన ఇల్యా ఇల్యిచ్ మెచ్నికోవ్. పెరుగును ప్రయోగశాలకు ఎక్కించిన పండితుడుగా ఈనాడు చాలామందికి ఆయన పేరు పరిచయం. ఆయన జీవితంలో పెరుగు అధ్యాయం చివరిది మాత్రమే.

మెచ్నికోవ్ 1845 మే నెలలో, నాటి రష్యా సామ్రాజ్యంలోని ఖార్కోవ్ ప్రాంతంలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు ఉక్రెయిన్ దేశంలో ఉంది. తండ్రి చక్రవర్తి అంగరక్షక దళంలో అధికారి. జూదంలో భార్య తెచ్చిన ఆస్తిని చాలవరకు పోగొట్టుకుని, రాజధానిని విడిచి పల్లెలోని ఎస్టేటుకు చేరినవాడు. తల్లి ఎమిలియా యూదు రచయిత నెవఖోవిచ్ కుమార్తె. ఐదుగురు సంతానంలో ఇల్యా చివరివాడు. ఒకచోట కుదురుగా నిలవని ఆ పిల్లవానికి ఇంటివారు పాదరసం అని ముద్దుపేరు పెట్టారు. వైద్యం చదవాలని అతనికి కోరిక ఉండేది. ఇంత సున్నితమైన మనస్సు గలవాడు రోగుల బాధను రోజూ చూసి భరించలేడని తల్లి వారించింది. ఆ విధంగా ఆయన జంతుశాస్త్రం వైపు మరలారు. మానవుని వ్యాధినిరోధక శక్తికి పునాది వేసిన ఈ మనిషి వైద్యుడు కాడన్న సంగతికి మూలం ఇదే.

ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలో ముగించి, 1864లో పట్టా పుచ్చుకున్నారు. జర్మనీలో పరిశోధనలు చేశారు. అక్కడ 1865లో ఒక చదునుపురుగును పరిశీలిస్తూ, దాని ఆహారం కడుపు కుహరంలో గాక నేరుగా కణాలలోనే జీర్ణమగుట గమనించారు. చిన్న విషయంగా తోచిన ఈ పరిశీలన పదిహేడేళ్ళపాటు ఆయన మనస్సులో నిద్రాణంగా ఉండిపోయింది. నేపుల్స్‌లో అలెగ్జాండర్ కొవలేవ్‌స్కీ అనే మిత్రునితో కలిసి వెన్నెముక లేని జీవుల పిండదశలను శోధించి, 1867లో ఆ మిత్రునితోపాటు బేర్ బహుమానాన్ని అందుకున్నారు. అదే ఏడు ఒడెస్సాలో అధ్యాపకులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 22 ఏళ్ళు. తరగతిలో కొందరు విద్యార్థులు ఆయనకంటే పెద్దవారు.

సంసార జీవితం మాత్రం ఆయనను కఠినంగా పరీక్షించింది. 1869లో లుద్మీలా అనే యువతిని వివాహమాడారు. అప్పటికే క్షయ ముదిరి, నడవలేని స్థితిలో ఉన్న వధువును కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకుపోవలసి వచ్చింది. నాలుగేళ్ళపాటు వెచ్చని వాతావరణం కోసం ఆమెను ఊరూరా తిప్పారు. వైద్యానికి ధనం సమకూర్చేందుకు కంటిచూపు దెబ్బతినేంతగా శ్రమించారు. 1873 ఏప్రిల్‌లో మదీరా దీవిలో ఆమె మరణించింది. దుఃఖం భరించలేక ఆయన ప్రాణత్యాగానికి ప్రయత్నించి, దైవవశాన బ్రతికారు. 1875లో ఓల్గాను పెండ్లాడారు. ఒడెస్సాలో మెచ్నికోవ్ నివాసానికి పైఅంతస్తులో ఉండిన పెద్ద కుటుంబంలోని పిల్ల ఆమె. ఆమెకు జంతుశాస్త్రం పాఠాలు చెబుతూ పరిచయం పెంచుకున్నారు. తరువాతి కాలంలో ఆమె ఆయనకు ప్రయోగశాలలో సహాయకురాలై, ఆయన మరణానంతరం జీవితచరిత్రను రచించింది.

1880లో ఓల్గాకు టైఫాయిడ్ జ్వరం తీవ్రమైంది. మరుసటి ఏట జార్ చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ హత్యకు గురికాగా, విశ్వవిద్యాలయాలపై ప్రభుత్వం ఉక్కుపాదం మోపింది. ఈ సంక్షోభాల నడుమ మెచ్నికోవ్ తిరగబెట్టే జ్వరపు రోగి రక్తాన్ని తన శరీరంలోకి ఎక్కించుకున్నారు. అది ప్రయోగమూ, ప్రాణంపై విరక్తీ కలగలసిన చర్య. మృత్యుముఖం నుండి లేచిన తరువాత ఆయన స్వభావంలోని నిరాశ తగ్గిపోయిందని ఓల్గా రచన వలన తెలుస్తున్నది. రెండుమార్లు బ్రతుకును కాదనుకున్నవాడు తన చివరి గ్రంథాలలో ఒకదానికి ఆశావాద వ్యాసాలని పేరు పెట్టుకున్నాడు. ఆయన జీవితంలో అన్నిటికంటె పెద్ద మలుపు ఇదేనని చెప్పవచ్చు.

1882లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, భార్యతోనూ, ఆమె తమ్ముళ్ళు చెల్లెళ్ళతోనూ సిసిలీ దీవిలోని మెస్సీనా పట్టణానికి వెళ్ళారు. సముద్రానికి ఎదురుగా ఉన్న అద్దె ఇంటి ముందుగదిలోనే ప్రయోగశాల ఏర్పడింది. ఆ ఏడాది చివరలో ఒకనాడు పిల్లలందరూ సర్కసులో కోతుల విన్యాసాలు చూడబోయారు. ఒంటరిగా మిగిలిన మెచ్నికోవ్ గాజువలె పారదర్శకమైన సముద్రనక్షత్రపు డింభకాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తున్నారు. దాని శరీరంలో కొన్ని కణాలు స్వేచ్ఛగా అటూ ఇటూ సంచరిస్తున్నాయి. పదిహేడేళ్ళనాటి చదునుపురుగు గుర్తుకు వచ్చింది. ఆహారాన్ని మ్రింగగల కణాలు శత్రువును ఎందుకు మ్రింగకూడదు? ఇంటి తోటలోని గులాబీ ముళ్ళను తెచ్చి డింభకాల చర్మం క్రింద గుచ్చారు. ఆ రాత్రి నిద్రలేదు. తెల్లవారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి దానిని ముట్టడించి ఉన్నాయి. మన కాలిలో ముల్లు విరిగితే చీము పట్టుటకు ఇదే మూలమని ఆయనకు స్ఫురించింది.

నాటి వైద్యులు చీములోని తెల్లకణాలను రోగానికి వాహనాలుగా భావించేవారు. అవి రోగక్రిములను తమలో దాచుకుని శరీరమంతటా వ్యాపింపజేస్తాయని వారి నమ్మకం. మెచ్నికోవ్ ఆ కణాలను దొంగలుగా గాక కాపలాదారులుగా చూపించారు. 1883లో వియన్నాలోని క్లౌస్ అనే ఆచార్యుడు వాటికి ఫాగోసైట్లు అనే గ్రీకు పేరును సూచించాడు. వానినే మనం భక్షకకణాలు అంటున్నాము. మరుసటి ఏడు డాఫ్నియా అనే నీటిపురుగులో ఈస్టు జాతి సూక్ష్మజీవికీ, భక్షకకణాలకూ నడిచే పోరాటాన్ని వర్ణించారు. కణాలు గెలిస్తే పురుగు బ్రతుకుతుంది, ఓడితే చస్తుంది.

స్వదేశంలో ఈ కీర్తి ఆయనకు అచ్చిరాలేదు. 1886లో ఒడెస్సాలో నెలకొన్న సూక్ష్మజీవశాస్త్ర సంస్థకు అధిపతియైనారు. వైద్యపట్టా లేనివాడు వైద్యసంస్థను నడపడమేమని స్థానిక వైద్యులు ఆక్షేపించారు. ఆయన ఊరిలో లేని సమయంలో జరిగిన దొమ్మరోగపు టీకాల ప్రయోగం వికటించి వేలాది గొర్రెలు మరణించాయి. ఇక అక్కడ నిలువలేక 1888లో బయలుదేరారు. బెర్లిన్‌లో రాబర్ట్ కోహ్ ముభావంగా పలుకరించి పంపివేశాడు. పారిస్‌లో లూయీ పాస్టర్ మాత్రం కొత్తగా వెలుస్తున్న తన సంస్థలో ప్రయోగశాల ఇచ్చి ఆహ్వానించాడు. మెచ్నికోవ్ తుదిశ్వాస వరకు ఆ గడపను వీడలేదు.

ఒడెస్సాలో ఆయనకు శిష్యుడైన వాల్డెమార్ హాఫ్‌కిన్ కూడా పారిస్ చేరి, తొలుత పాస్టర్ సంస్థ గ్రంథాలయంలో చిన్న ఉద్యోగంతో సరిపెట్టుకున్నాడు. ఆ హాఫ్‌కినే 1892లో కలరా టీకాను తనపై ప్రయోగించుకుని, మరుసటి ఏట భారతదేశానికి వచ్చాడు. 1897లో బొంబాయిలో ప్లేగు టీకాను తయారుచేసి, దానినీ మొదట తానే వేయించుకున్నాడు. మరుసటి ఏడు హుబ్లీ, ధార్వాడ ప్రాంతాలలో ప్లేగు విజృంభించినపుడు వేలాది ప్రజలకు ఆ టీకా వేశారు. బొంబాయి పరేల్‌లోని ప్లేగు పరిశోధనశాలకు 1925లో హాఫ్‌కిన్ సంస్థ అని పేరు పెట్టారు. మహారాష్ట్ర, కర్ణాటకలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలు చెప్పుకునే ప్లేగు కాలపు కథలలోని ఆ టీకాకు, మెచ్నికోవ్ తరగతి గదికీ ఈ విధంగా సంబంధమున్నది.

పారిస్‌లో ఆయన ఇరవై ఏళ్ళ కాలం వాదప్రతివాదాలతోనే గడిచింది. రక్తంలోని ద్రవాలే రోగాన్ని అడ్డగిస్తాయని జర్మన్ శాస్త్రజ్ఞులు, కణాలే కాపాడతాయని మెచ్నికోవ్ హోరాహోరీగా వాదించారు. తుదకు 1908లో నోబెల్ బహుమానాన్ని ఆయనకూ, ద్రవపక్షపు మహారథి పాల్ ఎర్లిక్‌కూ కలిపి ప్రకటించారు. ఇద్దరి మాటలోనూ సగం నిజమున్నదని తరువాతి శాస్త్రం తేల్చింది. 1909లో స్వదేశానికి వెళ్ళి టాల్‌స్టాయ్ మహాశయుని ఆయన పల్లెలోని ఇంట కలుసుకున్నారు. మెచ్నికోవ్ అన్నగారైన ఇవాన్ మరణమే ఆ మహారచయిత ప్రసిద్ధ కథ ఇవాన్ ఇల్యిచ్ మరణానికి ప్రేరణ. మరణభయాన్ని ఒకరు ధర్మచింతనతోనూ, ఒకరు శాస్త్రంతోనూ ఎదుర్కొన్నవారు గనుక, ఆ సమావేశం మర్యాదగానే ముగిసినా మనస్సులు కలియలేదు.

మెచ్నికోవ్ చిత్తం అప్పటికే వార్ధక్యంపై నిలిచింది. మనిషి ముసలితనం సహజమైనది కాదు, అకాలంగా వచ్చిపడే వ్యాధి అని ఆయన అభిప్రాయం. దీనికి దోషిగా ఆయన నిలబెట్టినది పెద్దప్రేగును. అక్కడ ఆహారశేషం కుళ్ళి, ఆ కుళ్ళు నుండి పుట్టిన విషాలు రక్తంలో కలిసి దేహాన్ని క్షీణింపజేస్తాయని, అసలు మనిషికి పెద్దప్రేగు అవసరమే లేదని వాదించారు. ఈ మాటను పట్టుకుని లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ అనే శస్త్రవైద్యుడు మలబద్ధకం ఉన్నవారి పెద్దప్రేగులనే కోసి తీసివేయనారంభించాడు. పండితుని ఊహ వైద్యుని కత్తి చేతికి చిక్కితే ఎంత ప్రమాదమో దీనివలన తెలుస్తున్నది.

మెచ్నికోవ్ కోరినది కత్తి కాదు, పెరుగు. విడి పాలు కుళ్ళినా, తోడుపెట్టిన పాలు పులిసి నిలువ ఉంటాయి. ఆ పులుపును పుట్టించే సూక్ష్మజీవులు ప్రేగులలో స్థిరపడితే అక్కడి కుళ్ళు కూడా ఆగుతుందని ఆయన తర్కం. బల్గేరియా దేశపు పల్లెలలో నూరేళ్ళు దాటినవారు అధికమన్న వార్తలు ఈ తర్కానికి బలం చేకూర్చాయి. ఆ దేశపు పెరుగులోని సూక్ష్మజీవిని 1905లో జెనీవాలో స్తామెన్ గ్రిగోరోవ్ అనే బల్గేరియన్ విద్యార్థి వేరుచేసి చూపించాడు. మెచ్నికోవ్ పచ్చి కూరలు, పండ్లు మాని, కాచిన పాలలో శుద్ధమైన తోడు వేసి ప్రతిదినం సేవించసాగారు. 1904లో వార్ధక్యంపై ఆయన చేసిన ఉపన్యాసం, 1907లో వెలువరించిన గ్రంథం యూరపు అంతటా పెరుగు వెర్రిని లేపాయి. మందుల దుకాణాలలో తోడు బిళ్ళలు, తోడు పొడులు వెలిశాయి. ఇంటింటా తోడు చెంబు ఉన్న మనవంటివారికి ఇది వింతగానే తోస్తుంది.

సిద్ధాంతం ఆ రూపంలో నిలువలేదు. బల్గేరియా సూక్ష్మజీవి మనిషి ప్రేగులలో కాపురం చేయదని 1920 దశకానికి అమెరికాలో రెట్గర్ మొదలైనవారు నిరూపించారు. పాస్టర్ సంస్థలోనే మెచ్నికోవ్ కాలపు వాడైన హెన్రీ టిసియే, తల్లిపాలు త్రాగే శిశువుల ప్రేగులలో రెండుగా చీలిన కొమ్మవంటి బిఫిడ్ సూక్ష్మజీవులు అధికంగా ఉంటాయని 1900 ప్రాంతంలోనే గుర్తించాడు. గురి పెట్టవలసినది ముసలివారి ప్రేగులపై గాక పసివారి ప్రేగులపైననే సూచన అందులో ఉన్నది. దానిని అందుకోవడానికి శాస్త్రానికి దాదాపు నూరేళ్ళు పట్టింది.

ఆవు పాలలోని కేసిన్ మొదలైన మాంసకృత్తులను శత్రువులుగా పొరబడి శరీరం చేసే తిరుగుబాటే పాల ఎలర్జీ. మెచ్నికోవ్ కొనియాడిన కాపలాదళమే ఇక్కడ అతిథిని దొంగగా ఎంచి కొడుతుంది. ఆ దళాన్ని శాంతింపజేసే నియంత్రక కణాలు వేరే ఉన్నాయి. వాటిని నడిపే ముఖ్య జన్యువు పేరు ఫాక్స్‌పీ3. జన్యువు గాదెలోని ధాన్యం వంటిదైతే, దానిపై అంటుకునే మిథైల్ గుర్తులు తాళం వంటివి. తాళం పడితే జన్యువు మూగబోతుంది, తీస్తే పలుకుతుంది. గాదెలోని గింజ మాత్రం మారదు.

నేపుల్స్‌లో బెర్ని కనాని బృందంవారు పాల మాంసకృత్తులను సూక్ష్మంగా ముక్కలు చేసిన ప్రత్యేక శిశు ఆహారంలో లాక్టోబాసిలస్ రామ్నోసస్ జీజీ అనే సూక్ష్మజీవిని కలిపి ఇచ్చారు. 220 మంది పిల్లలను మూడేళ్ళు గమనించి 2017లో ప్రకటించిన ఫలితాలలో, ఈ సూక్ష్మజీవి అందినవారికి పాలు త్వరగా పడసాగాయి, ఇతర ఎలర్జీలు తక్కువగా వచ్చాయి. కొద్దిమంది చిన్నారులపై చేసి 2019లో వెలువరించిన మరొక పరిశీలనలో, వారి రక్తకణాలలో ఫాక్స్‌పీ3 పైని తాళాలు ఎక్కువగా సడలి, ఎలర్జీని రేపే జన్యువులపై తాళాలు బిగుసుకున్నట్లు కనిపించింది. ఇందుకు ఒక మార్గాన్ని అదే బృందం 2016లో సూచించింది. ఆ ఆహారం తీసుకున్న కొందరు శిశువుల ప్రేగులలో బ్యుటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు వృద్ధి చెందాయి. ఆ బ్యుటిరేట్ నియంత్రక కణాల వృద్ధికి తోడ్పడుతుందని 2013లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపించాయి. విచిత్రమేమంటే ఈ ఆమ్లం ప్రధానంగా తయారగు తావు పెద్దప్రేగే. ఏ అవయవాన్ని మెచ్నికోవ్ విషభాండమని నిందించారో, ఆయన ఊహలోని సత్యాంశం అక్కడే బయటపడింది.

ఈ ఫలితాలను చూసి తొందరపడరాదు. 2008లో వెలువడిన డచ్ పరిశోధనలో వేరొక సూక్ష్మజీవుల జంటను పాల ఎలర్జీ గల శిశువులకు ఇవ్వగా ప్రయోజనం కనిపించలేదు. అన్ని సూక్ష్మజీవులూ ఒకటి కావు. అంతకంటె ముఖ్యమైనది మరొకటున్నది. పెరుగులో మంచి క్రిములున్నాయి కదా అని పాల ఎలర్జీ ఉన్న బిడ్డకు పెరుగన్నమో, పలుచని మజ్జిగో పట్టడం ప్రమాదకరం. తోడు పడినంత మాత్రాన పాల మాంసకృత్తులు నశించవు. ఊపిరి ఆడక ప్రాణాపాయం కూడా కలుగవచ్చు. గేదె, మేక పాలలోని మాంసకృత్తులు ఆవు పాలవాటిని పోలి ఉన్నందున అవి కూడా సాధారణంగా సరిపడవు. పాలలోని చక్కెర అరుగక కడుపు ఉబ్బేవారికి పెరుగు కొంత హితవు చేయవచ్చును గాని, అది వేరే బాధ. రెంటినీ ఒకటిగా భావించుట వలన ఇళ్ళలో పొరపాట్లు జరుగుతుంటాయి. ఏ బిడ్డకు పాలను తిరిగి ఎప్పుడు రుచి చూపించాలో వైద్యుడే, ఆసుపత్రిలోనే నిర్ణయించాలి.

మెచ్నికోవ్ ఈ ఫలితాలు వేటినీ చూడలేదు. 1913లో గుండెజబ్బు బయటపడింది. మరుసటి ఏడు మొదటి ప్రపంచయుద్ధం వచ్చి, పాస్టర్ సంస్థలోని యువకులు సరిహద్దులకు తరలిపోయారు. ప్రయోగశాలలు బోసిపోయాయి. శాస్త్రం మనుషులను నాగరికులను చేస్తుందని నమ్మిన ఆయనను ఆ దృశ్యం మిక్కిలి క్రుంగదీసింది. పెరుగు మహిమతో నూరేళ్ళు దాటుతాడని లోకం ఎదురుచూసిన మనిషి 71 ఏళ్ళకే మంచం పట్టడంతో కొందరు పరిహసించారు. తన వంశంలో అందరూ ఇంతకంటె ముందే పోయారనీ, తాను పెరుగును ఆరంభించినది యాభై దాటిన తరువాతనేననీ ఆయన సమాధానం చెప్పుకున్నారు.

తాను పోయిన తరువాత శరీరాన్ని కోసి పరీక్షించవలసిందనీ, ప్రేగులను ప్రత్యేకంగా గమనించవలసిందనీ ఒక మిత్ర వైద్యునికి అప్పగింతలు పెట్టారు. 1916 జూలై 15వ తేదీన పాస్టర్ సంస్థ ఆవరణలోనే కన్నుమూశారు. మతపరమైన కర్మలు జరుపలేదు. దహనానంతరం అస్థికలను ఒక పాత్రలో ఉంచి, ఆ సంస్థ గ్రంథాలయంలో పుస్తకాల నడుమ భద్రపరచారు.